తొమ్మిది నగరాల్లో అంగడి ఎక్కడ?



ఇంకా పూర్తిగా కట్టని ఒక నగరంలో ఇవాళ మనం బజారుకు వెళ్లొద్దాం. ఆ నగరంలో ఇళ్లూ ఆఫీసులూ బడులూ ఆసుపత్రులూ ఆటస్థలాలూ అన్నీ ఒకే పొలిమేరలో ఉంటాయి. అక్కడ పుట్టినవాడు చదువుకైనా, ఉద్యోగానికైనా, వైద్యానికైనా పక్క ఊరి మొహం చూడనక్కర్లేదంటారు. ఇలాంటి నగరాన్ని కలగన్నవాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్లు గీసిన పటాల్లో వెడల్పాటి రోడ్లు, ఎత్తయిన మేడలు, పచ్చరంగు పూసిన పార్కులు బాగా కనిపిస్తాయి. ఉప్పూ పప్పూ ఎక్కడ కొనుక్కోవాలి, సాయంత్రం నలుగురూ ఎక్కడ కూర్చోవాలి అన్న సంగతి మాత్రం పటం మూలన చిన్న అక్షరాల్లో ఉంటుంది. ఆ చిన్న అక్షరాలనే ఇవాళ కాస్త పెద్దగా చదువుదామని నా ప్రయత్నం.

మన శావల్యాపురం లాంటి మండల కేంద్రంలో ఉండేవాళ్లకు రాబోయే రాజధాని అమరావతి గొడవ ఎందుకని మీరు అడగవచ్చు. మనకూ దానికీ మధ్య రైలు పట్టాలున్నాయి. గుంటూరు నుంచి గుంతకల్లు వెళ్లే పాత లైను మన ఊరి మీదుగానే పోతుంది. నడికుడి నుంచి శ్రీకాళహస్తికి వేస్తున్న కొత్త లైను పిడుగురాళ్ల వైపు నుంచి వచ్చి ఇక్కడే దాన్ని కలుస్తుంది. అటు ఎర్రుపాలెం నుంచి అమరావతి మీదుగా నంబూరుకు 57 కిలోమీటర్ల కొత్త లైనుకు 2024 అక్టోబరులో కేంద్ర మంత్రివర్గం అనుమతి ఇచ్చింది. అది పూర్తయితే మన స్టేషనులో రైలెక్కినవాళ్లు గుంటూరు, నంబూరు మీదుగా రాజధానిలో దిగుతారు. మేస్త్రీ పనికి వెళ్లేవాళ్లు, చదువుకు వెళ్లే పిల్లలు, సచివాలయంలో పనిబడ్డ రైతులు, ఆసుపత్రికి ముసలివాళ్లను తీసుకెళ్లే ఆడవాళ్లు, వీళ్లంతా ఆ నగరపు బజారులో నిలబడతారు. కాబట్టి ఆ బజారు ఎలా ఉండాలో మాట్లాడే హక్కు మనకుంది.

అమరావతి కథ మీకు తెలియనిది కాదు, ముఖ్యమైన అంకెలు మాత్రం గుర్తుచేస్తాను. రాజధాని ప్రాంత అభివృద్ధి సంస్థ, అదే సీఆర్‌డీఏ, 2014 చివర ఏర్పడింది. కృష్ణ దక్షిణపు గట్టున ఉన్న ఊళ్ల రైతులు భూసమీకరణ కింద 33 వేల ఎకరాలకు పైగా ఇచ్చారు. 217 చదరపు కిలోమీటర్ల నగరానికి సింగపూరుకు చెందిన సుర్బానా సంస్థ ప్రణాళిక గీసింది. 2015 అక్టోబరు 22న ఉద్దండరాయునిపాలెంలో శంకుస్థాపన జరిగింది. 2019 తర్వాత మూడు రాజధానుల వివాదంలో పనులు ఆగిపోయాయి. 2024లో ప్రభుత్వం మారాక కదలిక వచ్చి, 2025 మే 2న ప్రధానమంత్రి చేతుల మీదుగా పనులు మళ్లీ మొదలయ్యాయి.

ఈ నగరాన్ని తొమ్మిది నగరాల కూర్పుగా ఊహించారు. ప్రభుత్వ నగరం, న్యాయ నగరం, ఆర్థిక నగరం, విజ్ఞాన నగరం, ఆరోగ్య నగరం, క్రీడా నగరం, మీడియా నగరం, ఎలక్ట్రానిక్స్ నగరం, పర్యాటక నగరం. ఏ మూల ఉన్నా ఐదు నిమిషాల్లో అత్యవసర సేవలు, పది నిమిషాల్లో బడి, ఆటస్థలం లాంటి సామాజిక వసతులు, పదిహేను నిమిషాల్లో పనిచేసే చోటు అందాలన్నది ప్రణాళిక మాట. వినడానికి బాగుంది. తొమ్మిది పేర్లనూ మరోసారి వేళ్ల మీద లెక్కపెట్టండి. అంగడి నగరమన్నది అందులో లేదు. వ్యాపార స్థలాలు అన్నిచోట్లా ఉంటాయి కాబట్టి విడిగా పేరెందుకని ప్రణాళికవాళ్లు అనవచ్చు. అదీ నిజమే. ఎక్కడ చూసినా ఉంటుందనుకున్న దాన్ని ఎవరూ పట్టించుకోకుండా వదిలేయడం కూడా మనం చూసిందే.

నిజానికి అమరావతిలో అంగడి బీజం రైతు చేతిలోనే ఉంది. భూసమీకరణలో మెట్ట భూమి ఎకరం ఇచ్చిన రైతుకు వెయ్యి గజాల ఇంటి స్థలంతో పాటు 250 గజాల వాణిజ్య స్థలం ఇస్తామన్నారు. నీటి వసతి ఉన్న జరీబు భూమికి ఆ వాణిజ్య స్థలం 450 గజాలు. పది వేల ఎకరాల మెట్టకు 250 గజాల చొప్పున వేసుకున్నా 25 లక్షల గజాలవుతుంది. నిన్నటిదాకా అరటీ, మల్లె, కూరగాయలు పండించిన చేతుల్లోకి అంత కొట్ల జాగా వస్తోందన్నమాట. దాన్ని రైతులు ఏం చేస్తారు? కొందరు అమ్ముకుంటారు, కొందరు కలిసి పెద్ద సంస్థకు అద్దెకిస్తారు. బంగారు నగల షోరూములు, బట్టల షోరూములు వరసగా లేస్తాయి. వాటిలో తప్పు లేదు. అయితే ఊళ్లో పచారీ కొట్టుకు ఎనిమిది అడుగుల వెడల్పు చాలు. టీ కొట్టుకు ఆరు అడుగులు చాలు. చెప్పులు కుట్టేవాడికి గొడుగు పట్టినంత నీడ చాలు. ఇంత చిన్న జాగాలు వాణిజ్య స్థలాల లెక్కలోకి రావు, వచ్చినా ఆ అద్దె వాళ్లు కట్టలేరు.

తనకు తానే చాలే నగరం కోసం ప్రపంచంలో జరిగిన ప్రయత్నాలు చూస్తే ఈ సంగతి ఇంకా తేటపడుతుంది. 1898లో ఇంగ్లండులో ఎబెనీజర్ హోవర్డ్ ఉద్యాన నగరం అనే ఆలోచన ప్రకటించాడు. ఆరు వేల ఎకరాలు, 32 వేల మంది జనం. మధ్యలో పెద్ద పార్కు, ఆ పార్కు చుట్టూ గుండ్రంగా అద్దాల కప్పు వేసిన పొడవాటి మండపం. దాని పేరు స్ఫటిక సౌధం. కొట్లన్నీ అందులోనే. వాన కురిస్తే జనం అక్కడే తిరగవచ్చు, ఏమీ కొనకపోయినా చలికాలమంతా మొక్కల మధ్య షికారు చేయవచ్చు. కొట్టునూ షికారునూ ఒకే కప్పు కిందికి తెచ్చిన ఆ ఊహ ముచ్చటైనది. 1903లో లెచ్‌వర్త్ పట్టణం ఆ ఆలోచన మీదే మొదలైంది. చెట్లొచ్చాయి, ఇళ్లొచ్చాయి, ఆ అద్దాల మండపం మాత్రం రాలేదు. డబ్బు చాలని ప్రతి ప్రణాళికలో ముందు కోసేసేది నలుగురికీ చెందిన చోటునే.

అమెరికాలో అరిజోనా ఎడారిలో పావొలో సొలేరి అనే ఇటాలియన్ వాస్తుశిల్పి 1970లో ఆర్కోసాంటి అనే ఊరు మొదలుపెట్టాడు. ఐదు వేల మంది కార్లు లేకుండా ఒకే దగ్గరి కట్టడాల సముదాయంలో బతకాలన్నది ఆశ. ఇప్పటికీ అక్కడ వంద మంది కూడా స్థిరంగా ఉండరు. ఆ ఊరికి అన్నం పెడుతున్న వాటిలో ముఖ్యమైనది అక్కడ పోతపోసే కంచు గంటలు, మట్టి గంటలు. చూడ్డానికి వచ్చినవాళ్లు కొనుక్కుపోతారు. లోకంతో పనిలేదని కట్టిన ఊరు, లోకం వచ్చి గంట కొంటే తప్ప నడవడం లేదు. అలాస్కాలో విట్టియర్ అనే చిన్న పట్టణముంది. పద్నాలుగు అంతస్తుల ఒకే భవనంలో ఊరి జనంలో ఎక్కువమంది ఉంటారు. కొట్టు, పోస్టాఫీసు, ప్రార్థనాలయం, వైద్యం అన్నీ ఆ భవనంలోనే. బడికి పిల్లలు సొరంగంలోంచి వెళతారు, మంచులో కాలు పెట్టక్కర్లేదు. ఆ ఊరికీ సరుకు బయటి నుంచే రావాలి. సౌదీ అరేబియా 2021 జనవరిలో ప్రకటించిన లైన్ అనే నగరం 170 కిలోమీటర్ల పొడవున ఎడారిలో గీత గీసినట్టు సాగాలి, 90 లక్షల మంది ఉండాలి. మూడేళ్లు తిరిగేసరికి, 2030 నాటికి రెండున్నర కిలోమీటర్ల లోపే పూర్తవుతుందని వార్తలొచ్చాయి.

ఇవన్నీ విన్నాక మనకు బోధపడేది ఒకటే. తనకు తానే చాలే నగరం భూమి మీద ఎక్కడా లేదు. బియ్యం బయటి నుంచి రావాలి, పాలు బయటి నుంచి రావాలి, మిరపకాయ మన చేల నుంచే పోవాలి. నగరం తన అవసరాలన్నీ తానే తీర్చుకుంటుందని మనం అనుకునేది, వాటిని తెచ్చిపెట్టేవాళ్లు మన కంటికి కనిపించనప్పుడే. వాళ్లు కనిపించే చోటు అంగడి. అందుకే అంగడి ఎలా ఉందో చూస్తే ఆ నగరం మనసు ఎలాంటిదో తెలుస్తుంది.

ఈ పరీక్షకు నిలిచిన నగరం కోసం అమెరికా దాకా పోనక్కర్లేదు. మన పల్నాడులోనే, మాచర్లకు అవతల, ఇప్పుడు నాగార్జునసాగరం నీళ్లున్న చోట విజయపురి ఉండేది. క్రీస్తుశకం మూడు, నాలుగు శతాబ్దాల్లో ఇక్ష్వాకుల రాజధాని. మూడు వైపులా కొండలు, నాలుగో వైపు కృష్ణమ్మ. తలుపేసుకుని కూర్చోవడానికి అంతకంటే అనువైన లోయ ఉండదు. 1955 డిసెంబరులో నెహ్రూ ఆనకట్టకు శంకుస్థాపన చేశారు. నీళ్లు ముంచేలోగా చూడాలని పురావస్తుశాఖవాళ్లు ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో 1954 నుంచి 1960 దాకా ఆ లోయను తవ్వారు.

తవ్వకాల్లో కోటతో పాటు బజారు కూడా బయటపడింది. ఇళ్లు, వీధులు, కొట్లు దొరికాయి. ఒక కంసాలి కొట్టులో బంగారం కరిగించే మూసలు, అచ్చులు, తూకపు రాళ్లు దొరికాయి. రోము నాణేలు దొరికాయి. సింహళ దేశపు భిక్షువులకు అక్కడ విహారం ఉండేది. నదికి రాతిమెట్ల రేవు ఉండేది. ఊరి జనం కూర్చుని ఆటపాటలు చూడటానికి నాలుగు వైపులా మెట్లున్న రంగస్థలం ఉండేది. దాన్ని తర్వాత ఊడదీసి దగ్గరలోని అనుపులో తిరిగి కట్టారు, ఇప్పటికీ చూడవచ్చు. కొండలు చుట్టుముట్టిన ఆ ఊళ్లోకి రోము బంగారమూ వచ్చింది, సింహళ సన్యాసీ వచ్చాడు.

అక్కడి శాసనాల్లో నాకు అన్నిటికంటే నచ్చిన సంగతి ఒకటుంది. గుడి నిర్వహణకు ఇచ్చిన సొమ్మును అక్షయనిధిగా వర్తకుల శ్రేణుల దగ్గర ఉంచారు. ఏ శ్రేణుల దగ్గర? వాటిలో తమలపాకులు అమ్మేవాళ్ల శ్రేణి ఒకటి, పిండివంటలు చేసి అమ్మేవాళ్ల శ్రేణి ఒకటి. అసలు కదలకుండా వడ్డీతో గుడి నడవాలి. అంటే తమలపాకులమ్మేవాడినీ అప్పాలమ్మేవాడినీ నమ్మి దేవుడి సొమ్ము చేతిలో పెట్టిన నగరమది. ఇవాళ అదే తమలపాకుల బుట్ట రోడ్డు పక్కన కనిపిస్తే ట్రాఫిక్‌కు అడ్డమని లేపేస్తాం.

ఇక మన ఊహా నగరంలోకి వెళదాం. ఏ 2050 అనుకోండి. ఉప్పూ పప్పూ ఫోనులో చెబితే పది నిమిషాల్లో గుమ్మం ముందుకు వస్తాయి. ఇప్పటికే పెద్ద పట్నాల్లో వస్తున్నాయి. అప్పటికి మనిషి బదులు చిన్న విమానం లాంటి డ్రోను వచ్చి బాల్కనీలో సంచి దించవచ్చు. డబ్బు సంగతా? 2016లో యూపీఐ వచ్చాక కొత్తిమీర కట్టకు కూడా ఫోను చూపించడం అలవాటైపోయింది. మరి ఇన్ని సదుపాయాలున్నాక కొట్టెందుకు అని ఇంజనీరు అడుగుతాడు.

నా లెక్కలో ఈ నగరంలో మూడు రకాల చోట్లు ఉండాలి. మొదటిది, పచారీ కొట్టు. కొట్టు చేసే పనుల్లో సరుకివ్వడం ఒకటి మాత్రమే. ఊళ్లో పచారీ కొట్టతను ఖాతా పుస్తకంలో రాసుకుని పత్తి అమ్మాక తీసుకుంటాడు. ఇంటికి తాళం వేసి ఊరెళ్లేవాళ్లు తాళంచెవి అతని దగ్గర వదులుతారు. ఎవరి పిల్లాడు బడి ఎగ్గొట్టి తిరుగుతున్నాడో అతనికి తెలుసు. నాలుగు రోజులుగా పాల ప్యాకెట్ కోసం రాని పెద్దాయన ఇంటికి మనిషిని పంపేదీ అతనే. న్యూయార్క్‌లో జేన్ జేకబ్స్ అనే రచయిత్రి 1961లో నగరాల గురించి రాసిన పుస్తకంలో తన వీధి కొట్లవాళ్లు ఇరుగుపొరుగు తాళంచెవులు ఎలా దాచిపెడతారో వివరంగా చెప్పింది. కొట్లవాళ్ల కళ్లు వీధి మీద ఉన్నంతకాలం ఆ వీధిలో భయం తక్కువని ఆమె వాదన. ఆమె ఉన్న హడ్సన్ వీధికీ మన బొడ్రాయి బజారుకూ ఈ విషయంలో తేడా లేదు. డ్రోను సంచి దించుతుంది గానీ తాళంచెవి దాచదు.

రెండోది, మరమ్మతు కొట్లు. అన్నీ లోపలే ఉండే నగరం నిజంగా తన కాళ్ల మీద నిలబడాలంటే పాడైన వస్తువును తానే బాగుచేసుకోవాలి. మోటారు వైండింగ్, మిక్సీ రిపేరు, సెల్‌ఫోను రిపేరు, సైకిలు పంచరు, దర్జీ, చెప్పులు కుట్టే చోటు, వీటికి ప్రతి వార్డులో ఒక వరస కేటాయించాలి. నూనె మరకలూ చప్పుడూ ఉంటాయని వీటిని నగరం చివరకు నెట్టేయడం రివాజు. అప్పుడు పాత ఫ్యాను బాగుచేయించడం కంటే కొత్తది కొనడమే సులువవుతుంది, చెత్త కొండ పెరుగుతుంది. భవిష్యత్ నగరంలో ఖరీదైన అద్దాల భవనం పక్కనే వైండింగ్ షాపు ఉండాలని నా కోరిక.

మూడోది, మనలాంటి ఊళ్ల నుంచి సరుకు తెచ్చేవాళ్ల చోటు. 1999 జనవరి 26న మన రాష్ట్రంలో రైతు బజార్లు మొదలయ్యాయి. దళారి లేకుండా రైతే కూర్చుని అమ్ముకోవడం, పలకమీద ఆ రోజు ధర రాయడం అప్పట్లో కొత్త. ఆ పద్ధతి కొత్త రాజధానిలో స్టేషనుకు ఆనుకుని ఉండాలి. మన మండలం నుంచి తెల్లవారుజామున బెండకాయలు, గోరుచిక్కుళ్లు గంపలకెత్తుకుని రైలు దిగిన మనిషి నాలుగు వందల అడుగులు నడిస్తే జాగా దొరకాలి. అమ్ముడయ్యేదాకా సరుకు చల్లగా ఉంచుకునే గది కావాలి, స్నానానికి నీళ్లు కావాలి, మధ్యాహ్నం తిరుగు రైలు దాకా నడుం వాల్చడానికి అరుగు కావాలి. రాజధాని తాను తినే కూరను తెచ్చేవాళ్లకు ఇంతమాత్రం చేస్తే చాలు.

వీధి వ్యాపారుల విషయంలో చట్టమే మనకు అండ. 2014లో పార్లమెంటు చేసిన వీధి వ్యాపారుల చట్టం ప్రకారం, పట్టణ జనాభాలో రెండున్నర శాతం దాకా వీధి వ్యాపారులకు చోటు చూపించాలి. లక్ష జనాభా ఉంటే రెండున్నర వేల మంది. పట్టణ వ్యాపార కమిటీలో నలభై శాతం మంది వాళ్లే ఉండాలి. పాత పట్టణాల్లో ఇరుకు సందుల వల్ల ఈ చట్టం అమలు కష్టమంటారు. ఖాళీ నేల మీద కొత్తగా గీసే నగరానికి ఆ సాకు లేదు. రోడ్డు గీసేటప్పుడే తోపుడు బండి నిలిచే జాగా, దానికో కరెంటు ప్లగ్గు, నీళ్ల కుళాయి, చెత్తబుట్ట గీస్తే సరిపోతుంది. మిర్చి బజ్జీల బండి లేని రాజధాని ఎవరికి కావాలి?

ఇక కొట్లు దాటి, ఊరందరిదీ అనిపించే చోటుకు వద్దాం. ముందు ఎండ గురించి మాట్లాడాలి. రాష్ట్రంలో ఎండలు ముదిరితే వార్తల్లో మొదట వినిపించే పేర్లలో మన రెంటచింతల ఒకటి. ఇంగ్లండు వాళ్లు వాన కోసం అద్దాల కప్పు ఊహించుకున్నారు. మే నెలలో ఇక్కడ అద్దాల కప్పు కింద నిలబడితే మనిషి ఉడికిపోతాడు. అమరావతి ప్రభుత్వ సముదాయానికి ఫోస్టర్ అనే వాస్తుశిల్ప సంస్థ గీసిన నమూనాలో కనీసం అరవై శాతం పచ్చదనం, నీరు ఉంటాయన్నారు. పచ్చికను చూసి కళ్లకు చల్లనేమో గానీ, నెత్తికి నీడ చెట్టే ఇవ్వాలి. స్టేషను నుంచి సచివాలయానికి, ఆసుపత్రికి, కోర్టుకు నడిచే దారి పొడుగునా వేప, కానుగ, రావి, చింత వేయాలి. కొట్ల ముందు లోతైన పంచలు దించాలి. ఆ పంచల కింద నాపరాతి అరుగులు వేయాలి. ఆ రాయికి పల్నాడులో కొదవ లేదు. మట్టికుండల చలివేంద్రం వేసవికే కాకుండా ఏడాది పొడుగునా ఉండాలి.

అరుగంటే గుర్తొచ్చింది. పెద్ద మాల్‌లో చల్లగా ఉంటుంది, శుభ్రంగా ఉంటుంది. పంచె కట్టుకుని, చేతిలో సంచితో, ఏమీ కొనకుండా గంటసేపు కూర్చోండి. సెక్యూరిటీ అతను రెండుసార్లు మీ వైపు చూస్తాడు. మూడోసారి దగ్గరకొస్తాడు. అది ప్రైవేటు జాగా కాబట్టి అతన్ని తప్పుపట్టలేం. నగరంలో చల్లటి చోట్లన్నీ అలాంటివే అయితే మాత్రం తప్పు నగరానిదే. రూపాయి ఖర్చు పెట్టకుండా పగలంతా కూర్చోగల చోటు ప్రతి పేటకూ ఒకటుండాలి. అందుకు గ్రంథాలయం కంటే మంచిది లేదు. మనం కట్టే ఆస్తిపన్నులో రూపాయికి ఎనిమిది పైసల గ్రంథాలయ సెస్సు కూడా కలిసే ఉంటుంది. ఆ డబ్బుతో కొత్త నగరంలో మార్కెట్ల పక్కనే గ్రంథాలయాలు కట్టాలి. బజారుకొచ్చినవాళ్లు పేపరు చదువుకుంటారు, పోటీ పరీక్షల పిల్లలు రాత్రి పదింటిదాకా చదువుకుంటారు.

ఆడవాళ్ల సంగతి విడిగా చెప్పాలి. మనదగ్గర రచ్చబండ మగవాళ్లది. టీ కొట్టు బల్ల మగవాళ్లది. రాత్రి ఎనిమిది దాటితే సెంటరు మొత్తం మగవాళ్లదే. పాత ఊరిని మెచ్చుకునేవాళ్లు ఈ మాట దాటేస్తారు. కొత్త నగరం పాత ఊరి నీడను తెచ్చుకోవాలి, ఈ అలవాటును మాత్రం తెచ్చుకోకూడదు. శుభ్రమైన మరుగుదొడ్డి, పసిబిడ్డకు పాలిచ్చే గది, వెలుతురున్న బస్టాపు, రాత్రి కూడా తెరిచి ఉండే నాలుగు కొట్లు, ఈ నాలుగూ ఉంటే ఆడవాళ్లు బజారులో నిలబడగలరు. కూరగాయలమ్మే ఆడమనిషి పొద్దున్నుంచి నీళ్లు తాగకుండా ఎందుకు కూర్చుంటుందో ఆమెను అడిగితే తెలుస్తుంది. దగ్గరలో మరుగుదొడ్డి లేదు, అంతే.

తినే చోటు గురించి చెప్పాలంటే పల్నాడు వాళ్లం మనం ఎవరి దగ్గరా నేర్చుకోనక్కర్లేదు. పన్నెండో శతాబ్దంలో బ్రహ్మనాయుడు అన్ని కులాల వాళ్లనూ ఒకే చాప మీద కూర్చోబెట్టి భోజనం పెట్టించాడని చెప్పుకుంటాం. కారంపూడి వీరారాధన ఉత్సవాల్లో ఆ చాపకూడు ఇప్పటికీ జరుగుతుంది. ఈ రోజుల్లో దానికి దగ్గరగా వచ్చేది ఐదు రూపాయల భోజనం పెట్టే అన్న క్యాంటీన్. దాన్ని ఆసుపత్రి వెనకో, బస్టాండు మూలో దాచకుండా కొత్త నగరం నడిబజారులో, చెట్ల కింద, మంచి బల్లలు వేసి పెడితే అక్కడ గుమాస్తా, తాపీమేస్త్రీ, కాలేజీ పిల్ల పక్కపక్కన తింటారు.

పండగల సంగతి మరవకూడదు. కోటప్పకొండ తిరునాళ్లకు మహాశివరాత్రి నాడు చుట్టుపక్కల ఊళ్ల నుంచి ప్రభలు కదులుతాయి. తాటిచెట్టును మించిన ప్రభ రోడ్డు మీద పోవాలంటే కరెంటు తీగలు అడ్డం. లైన్‌మెన్లు ముందు నడిచి, తీగలు విప్పి, ప్రభ దాటాక మళ్లీ కడతారు. అమరావతిలో కరెంటు తీగలను భూమిలోపలి గొట్టాల్లోంచి తీసుకెళ్లాలన్నది ప్రణాళిక. వాళ్లు ఏ కారణంతో అనుకున్నా మన ప్రభకు అది వరం. ఆ నగరంలో ఒక వెడల్పాటి వీధిని మధ్యలో డివైడరు లేకుండా, పైన హోర్డింగులు లేకుండా ఉంచితే ప్రభలు, పీర్ల ఊరేగింపులు, క్రిస్మస్ ప్రదర్శనలు అన్నీ ఆ వీధినే సాగుతాయి. మిగతా రోజుల్లో అక్కడే వారపు సంత పెట్టుకోవచ్చు. ఒకే నేల రెండు రకాలుగా పనికొస్తుంది.

ఇన్ని చెప్పాను గానీ ఇవన్నీ కోట్ల రూపాయలతో పని కావు. పంచ దించడానికి, చెట్టు నాటడానికి, అరుగు వేయడానికి, బండికి జాగా గీయడానికి ప్రపంచ బ్యాంకు అప్పు అక్కర్లేదు. ప్రణాళిక గీసే బల్ల దగ్గర ఈ మాట చెప్పేవాళ్లు ఉండాలి, అదే కావలసింది. ముసాయిదా ప్రణాళిక ప్రకటించినప్పుడల్లా అభ్యంతరాలు, సూచనలు అడుగుతారు. ఆ కాగితాలు నింపేవాళ్లలో భూమి పోయినవాళ్లు, బిల్డర్లు, లాయర్లు ఉంటారు. బండి మీద అమ్మేవాళ్లు, కొనడానికి వచ్చేవాళ్లు, ఊరికే కూర్చోవడానికి వచ్చేవాళ్లు ఉండరు.

కాబట్టి శ్రోతలకు నా మనవి. రాజధాని పటం గురించి సూచనలు అడిగినప్పుడు ఒక పోస్టుకార్డైనా రాయండి. అంతకంటే ముందు మన శావల్యాపురంలో స్టేషను ముందు జాగా గురించో, పంచాయతీ కట్టే కొట్ల గురించో గ్రామసభలో మాట వచ్చినప్పుడు లేచి మూడు ప్రశ్నలు అడగండి. చిన్న వ్యాపారికి ఇందులో ఎన్ని అడుగులు? ఏమీ కొననివాళ్లకు నీడ ఎక్కడ? ఆడవాళ్లకు మరుగుదొడ్డి ఏది? ఈ మూడింటికీ జవాబివ్వలేని కట్టడానికి, అది మన ఊళ్లో ఉన్నా రాజధానిలో ఉన్నా, చేయెత్తకండి.